వానకు ఆగిన పాఠం

మా డిపార్ట్‌మెంట్‌కి తల్లిదండ్రులు రారు. ఇంజనీరింగ్ బ్లాకు ముందు వాళ్ళ కార్లు ఆగి ఉంటాయి, కంప్యూటర్ సైన్సు వరండాలో టిఫిన్ క్యారియర్లతో కూర్చుని ఉంటారు. ఫిలాసఫీకి ఎవరొస్తారు? మా దగ్గర చేరేవాళ్ళలో సగం మంది హాస్టల్ సీటు కోసం చేరతారు. మిగతా సగం గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి ఒక చోటు దొరుకుతుందని చేరతారు. కొడుకు ఏం చదువుతున్నాడని ఎవరైనా అడిగితే ఇంట్లోవాళ్ళు "యూనివర్సిటీలో ఎమ్మే" అని అక్కడితో ఆపేస్తారు. అందుకే ఆ మధ్యాహ్నం ఒకావిడ తడి గొడుగు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "దేవుడు లేడని సెప్పిన మేడం మీరేనా?" అని అడిగేసరికి నా గుండె గుభేలుమంది.

ముందు లేచి తలుపు వేశాను. ఆవిడను కూర్చోమనడం కూడా ఆ తర్వాతే గుర్తొచ్చింది. వరండాలో వెళ్ళేవాళ్ళు విన్నారా లేదా అన్నదే నా గాభరా.

నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి ఇంటర్వ్యూ పెట్టి, ఈవిడను ఇంకో ఏడాది ఉంచుకుందామా వద్దా అని తేలుస్తారు. కిటికీ తెరిస్తే కొండ కనిపించే తిరుపతిలో ఉద్యోగం. తలుపు మీద బోర్డులో ఉన్నదేమో ముస్లిం పేరు. మా అబ్బా చిత్తూరులో పరుపులు కుడతాడు. నేను తర్కం చదువుకున్నాను. "నీకు సంస్కృతం ఎట్లా వచ్చిందమ్మా?" అని ప్రతి ఇంటర్వ్యూలోనూ ఎవరో ఒకరు ఆశ్చర్యపోతారు. "చదివితే వచ్చింది సార్" అంటాను. నవ్వేస్తారు, నేనూ నవ్వేస్తాను. ఇన్నేళ్ళలో నా పేరుకూ నా పాఠానికీ ఎవరూ ముడిపెట్టలేదు. కానీ ఫలానా పేరున్న మేడం క్లాసులో దేవుడు లేడని చెప్పిందట అని ఎవరైనా ఫోన్లో ఒక ముక్క పెడితే చాలు. అది పాఠమా, ఆమె అభిప్రాయమా అని ఆగి అడిగేదెవరు?

నిజానికి చెప్పింది నేను కాదు, చార్వాకులు. కాకపోతే వాళ్ళ తరఫున నేను చెప్పాను. బాగా చెప్పాను, అదే వచ్చిన చిక్కు.

మా విద్యలో ఒక పద్ధతి ఉంది. ఏ విషయమైనా ముందు ఎదుటివాడి వాదం చెప్పాలి. దాన్ని పూర్వపక్షం అంటాం. ఆ తర్వాతే మన జవాబు, సిద్ధాంతం. నాకు పాఠం చెప్పిన పెద్దాయన ఈ పద్ధతిని ఇంకాస్త బిగించి పట్టుకున్న మనిషి. "పూర్వపక్షం చెప్పేటప్పుడు నువ్వు వాడివైపోవాలమ్మా. వాడే వచ్చి వింటే, అబ్బ, నాకంటే బాగా చెప్పిందే అనుకోవాలి. జవాబు మాత్రం అదే రోజు చెప్పొద్దు. ఒక రాత్రి పిల్లలకు నిద్ర పట్టకుండా చెయ్యి" అనేవాడు. నేనూ అదే చేస్తూ వస్తున్నాను. ఆ రోజు గంటసేపు చార్వాకుణ్ణి అయిపోయాను. కళ్ళకు కనిపించేదే నిజమన్నాను. "దేవుడు ఉన్నాడని నీకెవరు చెప్పారు? మీ తాత. ఆయనకెవరు చెప్పారు? ఇంకో తాత. చూసినవాడు ఎవరైనా ఉన్నాడా మధ్యలో? ఒకడు చెప్పిన మాటను పట్టుకుని వెయ్యిమంది నడిస్తే అది దారైపోతుందా?" అని బల్ల చరిచాను. వెనక బెంచీలో ఐరాల నుంచి వచ్చిన ఒక అబ్బాయి రాయడం ఆపేసి నోరు తెరుచుకుని చూశాడు. అతను కూడా హాస్టల్ సీటు కోసం చేరినవాడే. చదువు అంటుకుంది వీడికి, అని లోలోపల మురిసిపోయాను. మురిసిపోయినందుకు తర్వాత బాగా అనుభవించాను.

ఆ రాత్రే పులికాట్ వైపు వాయుగుండం పట్టింది. తడ దగ్గర రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయన్నారు, సెలవులిచ్చారు. వాన తెరిపిచ్చింది, ఇంకో వాయుగుండం వచ్చింది, మళ్ళీ సెలవులు. ఆ వెంటనే పరీక్షల తయారీకని పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు. జవాబు నా దగ్గరే ఉండిపోయింది. పూర్వపక్షం మాత్రం బస్సెక్కి ఐరాల వెళ్ళింది.

ఆ అబ్బాయి తల్లే ఇప్పుడు నా ఎదుట కూర్చుని ఉంది. నీళ్ళిస్తే తాగలేదు.

"ఏం జరిగింది చెప్పండమ్మా" అన్నాను.

"పాల సెంటరు కాడ నిలబడుకోని అందురికీ సెప్తా ఉండాడు మేడం. దేవుణ్ణి ఎవురు సూసినారు, తాత సెప్తే నిజమైపోతాదా అని. ఊరంతా నవ్వతా ఉండారు. నవ్వితే నవ్వనీలే అనుకున్న్యా. ఇప్పుడు మా బావ దాన్నే పట్టుకున్న్యాడు."

ఆమె చెప్పింది ఇది. ఆమె భర్త చనిపోయాడు. వాళ్ళకు కాస్త మామిడి తోట ఉంది. ఆ తోటకు బండి పోవాలంటే భర్త అన్నగారి, అంటే ఆ బావ పొలంలోంచే పోవాలి. దారి తమ్ముడి వాళ్ళకు వదిలిపెట్టాలని మామగారు పోయే ముందు చెప్పాడు. కాగితం లేదు, నోటిమాటే. విన్నది మనవడు, అంటే మా అబ్బాయి ఒక్కడే. పెద్దాయన పోయాక, అటువంటి మాట నేను వినలేదని అన్నగారు దారికి కంచె వేశాడు. దారి లేకపోతే కాయ చెట్టుకే మాగిపోవాలి. ఊరి పెద్దమనిషి ఒక తీర్పు చెప్పాడు: పిల్లవాడు కాణిపాకం పోయి వినాయకుడి ముందు సత్యం చేస్తే కంచె తీసెయ్యాలి. ఆ దేవుడి ముందు అబద్ధపు ఒట్టు వేసినవాడు బాగుపడడని మా వైపు అందరికీ నమ్మకం. ఎంతటివాడైనా అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తగ్గుతాడు. అన్నగారూ సరేనన్నాడు. అంతలో పాల సెంటరు సంగతి ఆయన చెవిన పడింది.

"దేవుడే లేడనేవోడు దేవుని ముందర సత్యం సేస్తే ఎవురికి లాభం, వానికి బయం యాడుండాది అంటాడు మేడం మా బావ. అందురూ అవును గదా అంటా ఉండారు. మీరొచ్చి ఒక్క మాట సెప్పండి. వీడు నమ్మలేదు, మీరు సెప్పిన పాటం ఒప్పజెప్పినాడు అంతే అని."

"అది పాఠమేనమ్మా. సగం పాఠం. మిగతా సగంలో జవాబు ఉంటుంది."

"మిగతా సగం ఎందుకు సెప్పలేదు మరి?"

"వానలొచ్చాయి కదమ్మా."

ఆమె నా ముఖంలోకి అలాగే చూసింది. వానకు ఇటుకలు ఆగుతాయి, వడియాలు ఆగుతాయి, దేవుడు ఆగుతాడా? ఆమె అనలేదు కానీ నాకు అలాగే వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంకొక సంగతి ఆమెకు చెప్పలేదు. ఆ మిగతా సగం నా దగ్గర కూడా సరిగ్గా లేదు. ఇంటర్వ్యూకి ముందు ఒక మంచి పత్రికలో వ్యాసం పడాలి. లేకపోతే నన్ను ఉంచుకోమని అడిగే మొహం నాకుండదు. పంపిన వ్యాసం సరిగ్గా ఈ విషయం మీదే: కళ్ళతో చూడని సంగతిని ఒకరి మాట మీద నమ్మొచ్చా? నమ్మొచ్చు, చెప్పేవాడు నమ్మదగిన మనిషైతే, అని మా తర్కశాస్త్రం వాళ్ళ సిద్ధాంతం. ఎవరో పేరు తెలియని సమీక్షకుడు దాన్ని చదివి తిప్పి పంపాడు. "చెప్పేవాడు నమ్మదగినవాడని వినేవాడికి ఎలా తెలుస్తుంది? రచయిత ఈ ప్రశ్నను తాకకుండా దాటేశారు. జవాబు రాసి పంపితే చూస్తాం" అన్నాడు. చదవగానే ఒళ్ళు మండింది. తర్వాత భయం పట్టుకుంది. ఎందుకంటే ఆయన అన్నది నిజం. వాన కురిసినన్నాళ్ళూ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక వాక్యం రాయడం, కొట్టేయడం, టీ పెట్టుకోవడం, మళ్ళీ రాయడం. నాకే తెలియని జవాబు చెప్తానని క్లాసులో పిల్లలకు మాటిచ్చి ఉన్నాను.

ఆమె వెళ్ళాక మా హెడ్డు పిలిచాడు. తలుపు వేసినంత మాత్రాన వరండాకు చెవులు పోతాయా?

"పోయి ఆ ఒక్క ముక్క చెప్పి వచ్చేయండి మేడం. అబ్బాయి నమ్మలేదు, పాఠం అప్పజెప్పాడు అంతే అని. అక్కడితో తెగిపోతుంది. ఇంటర్వ్యూలు దగ్గరికొస్తున్నాయి, ఇప్పుడు మనకెందుకు ఈ తలనొప్పి" అన్నాడు. మంచివాడే. నా కోసమే భయపడ్డాడు, కొంచెం తన కోసం కూడా.

సాయంత్రం అబ్బాయికి ఫోన్ చేశాను.

"మా అమ్మ వచ్చినాదా మేడం?" అన్నాడు ఎత్తగానే.

"వచ్చింది. రేపు నేనే మీ ఊరు వస్తున్నాను. ముందు ఒకటి చెప్పు. నువ్వు నిజంగా నమ్ముతున్నావా, ఊరికే అంటున్నావా?"

"మీరు అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలా మేడం. శానా ఆలోచించినా. యాడా దొరకలా."

"జవాబు ఉంది."

"ఏంది మేడం?"

"క్లాసులో చెప్తాను" అని పెట్టేశాను.

మరునాడు తిరుపతి నుంచి చిత్తూరు, చిత్తూరు నుంచి ఐరాల. దారి పొడుగునా ఆ ఒక్క వాక్యం వల్లించుకున్నాను. "వాడు నమ్మలేదండి, పాఠం ఒప్పజెప్పాడు అంతే." అబద్ధమని తెలుసు. ముందు రోజే వాడి నోటి నుంచే విన్నాను. కానీ ఒక ఇంటి దారి మూసే అబద్ధమా, దారి తెరిపించే అబద్ధమా? దారి తెరిపించేదే కదా. తాత ఆ మాట చెప్పాడన్నది నిజమే కదా. నిజాన్ని నిలబెట్టడానికి ఒక చిన్న అబద్ధం ఆడితే ఏం మునిగిపోతుంది? ఇలా నాలోనే పూర్వపక్షం, సిద్ధాంతం రెండూ నడిపించాను. ఎన్నిసార్లు నడిపినా చివర్లో నా ఇంటర్వ్యూ వచ్చి నిలబడింది. అది తలుచుకుంటే నామీద నాకే రోత పుట్టింది. చిత్తూరులో దిగినప్పుడు మా ఇంటికి కూడా వెళ్ళలేదు. అబ్బా నా ముఖం చూస్తే ఏదో ఉందని పసిగట్టేస్తాడు.

వాళ్ళింటి వసారాలో నాకోసం ప్లాస్టిక్ కుర్చీ వేశారు. స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. ఊరి పెద్దమనిషి ఒక పక్క, అబ్బాయి పెదనాయన ఇంకో పక్క. ఎత్తు మనిషి, భుజం మీద తువ్వాలు, నవ్వని ముఖం. తల్లి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అబ్బాయి మెట్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. నా పేరు విని ఏమంటారో అని దారంతా బిక్కుబిక్కుమన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమనిషి "మేడం అంత దూరం నించి మన పనికి వచ్చినారు, అది సాలు" అన్నాడు. ఆ మర్యాదకు నా భయం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

పెదనాయన సూటిగా విషయానికి వచ్చాడు.

"మేడం, మీరు సదువుకున్నోళ్ళు. మాకు ఆ తర్కాలూ అవీ తెలీదు. మీ దేవుని మీద ఆన పెట్టి ఒక్క మాట సెప్పండి. వీడు ఆ మాటలు నమ్మి అన్న్యాడా, నమ్మకుండా అన్న్యాడా?"

మీ దేవుని మీద అన్నాడు. బస్సులో ఇంత వల్లించినా ఇది నేను అనుకోలేదు. గుమ్మం దగ్గర ఆ తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. ఇంకెవరి ముఖమూ కనిపించలేదు నాకు. మనసులో ఒక్కసారి అల్లాను తలుచుకున్నాను, క్షమించమనో, ఒప్పుకోమనో తెలియదు. నోరు తెరిచాను.

"అది... వాడు..."

"మేడం, మీరు సెప్పొద్దు."

అబ్బాయి లేచి నిలబడ్డాడు.

"పెదనాయనా, నేను నమ్మే అన్న్యా. దేవుడు ఉండాడని నాకు రుజువు దొరకలా. జవాబు ఉండాదని మేడం సెప్పినాది, అది ఇన్నాక సూస్తా. ఇప్పుడు కాణిపాకం పోయి సత్యం సేస్తే ఉత్త నాటకం. అది నేను సెయ్యను. తాత ఆ పొద్దు మంచం మీద పండుకోని, తమ్మునోళ్ళ బండి పోనీయమని పెద్దోనికి సెప్పురా అన్న్యాడు. నేను ఇన్న్యా. అంతే."

"కొంప ముంచినావు గదరా!" అని తల్లి నెత్తి కొట్టుకుంది. గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చింది. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. అయిపోయింది, నా పాఠం ఒక ఇంటి దారి మూసేసింది అనుకున్నాను.

పెదనాయన అబ్బాయి వైపు తిరిగాడు. పెద్దమనిషి ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇట్లంటే దారి పోతాదని తెలుసునా నీకు?"

"తెలుసు."

"నమ్మలేదు అని ఒక్క మాట అనుంటే దారి వొచ్చేది. అదీ తెలుసునా?"

"తెలుసు పెదనాయనా."

ఆయన లేచి తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "కంచె తీసేస్తాలే. బండి తోలుకో" అన్నాడు.

పెద్దమనిషికి అర్థం కాలేదు. "ఏందప్పా, సత్యం సెయ్యకుండానే?"

"ఇంత సిన్న అబద్దం ఆడలేనోడు, సచ్చిపోయిన మా నాయన మింద అంత పెద్ద అబద్దం ఆడతాడా? వీడు గుళ్ళో సేసింటే కూడా నాకు అనుమానం పోయేది గాదు." మెట్లు దిగబోయి నా వైపు తిరిగాడు. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగాడు. "అవును మేడం, మీరేమో సెప్పబోతిరే?"

"ఏం లేదండి" అన్నాను.

తల్లి నన్ను భోజనం చేసి వెళ్ళమంది. తినలేనన్నాను. అబ్బాయి బస్టాపు దాకా వచ్చాడు. ఆ సమీక్షకుడు అడిగింది నా చెవుల్లో తిరుగుతూనే ఉంది. చెప్పేవాడు నమ్మదగినవాడని ఎలా తెలుస్తుంది? ఇప్పుడే నా కళ్ళ ముందు తెలిసింది. ఇంతకాలం వెతికిన ఉదాహరణ నా పక్కనే చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తోంది. సంతోషపడాల్సింది పోయి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఉదాహరణ పూర్తిగా రాయాలంటే, అదే వసారాలో కుర్చీలో కూర్చున్న ఇంకో మనిషి గురించి కూడా రాయాలి.

బస్టాపులో ఆగలేక అడిగేశాను. "నేను ఏం చెప్పబోయానో నీకు తెలుసా?"

"తెలుసు మేడం." తల ఎత్తలేదు. "అమ్మ సెప్పినాది, మీరు ఏం సెప్పేదానికి వస్తా ఉండారో."

"మరి ఎందుకు ఆపావు? మీకు మంచే జరిగేది కదరా."

"అది కాదు మేడం." చెప్పుతో మట్టిలో గీత గీశాడు. "మీరు ఆ మాట సెప్పింటే, రేపు మిగతా సగం పాటం నేను మీ దగ్గిర ఎట్ల ఇనేది?"

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. చిత్తూరు వచ్చేదాకా కొంగుతో ముఖం కప్పుకునే ఉన్నాను. పక్కన కూర్చున్న ఆవిడ పాపం, వాంతి వస్తోందేమో అని నాకు కిటికీ సీటు ఇచ్చింది.

వ్యాసం ఇంకా తిరిగి పంపలేదు. ఇంటర్వ్యూ తేదీ వేశారు. "చెప్పి వచ్చారా మేడం?" అని హెడ్డు అడిగితే, అవసరం పడలేదు సార్ అన్నాను. ఆయన హమ్మయ్య అనుకున్నాడు.

క్లాసులు మళ్ళీ మొదలైన రోజు ఎండ కాసింది. నేను బోర్డు తుడిచి, "సిద్ధాంతం" అని రాసి వెనక్కి తిరిగాను. వెనక బెంచీలో ఉండాల్సినవాడు ముందు బెంచీకి వచ్చి కూర్చున్నాడు. పెన్ను మూత తీసి నా నోటి వంక చూస్తున్నాడు. ఏ ఇంటర్వ్యూలోనూ నాకు అంత భయం వెయ్యలేదు.